మంచుబొట్లను దొంగిలించిన మాంత్రికుడు

అనగా అనగా ఏడు సముద్రాలకీ అవతల, ఉత్తరపు కొసన, లిథువేనియా అని ఒక దేశం. ఆ దేశంలో ఎండాకాలం వచ్చిందంటే సూర్యుడికి ఇంటికి పోవాలనిపించదు. అలా పడుకుని ఇలా లేస్తాడు. రాత్రి అంటే రెప్పపాటే.

ఆ దేశాన్ని గౌదస్ అనే మహారాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వైదస్ మహా బలవంతుడు. రెండోవాడు కెస్తస్ మహా అందగాడు. మూడోవాడు లినస్. లినస్ అంటే వాళ్ళ భాషలో అవిసె మొక్క. అవిసె చేలు నీలిపూలు పూసే రోజుల్లో పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టుకుంది. పాపం, అతనికి ఆరేళ్ళు నిండకుండానే ఆమె కన్నుమూసింది.

ఆ దేశంలో ఏడాది మొత్తానికీ పెద్ద పండగ ఒకటుంది. అన్నిటికంటే పొట్టి రాత్రి వస్తుంది చూశారూ, ఆ రాత్రి పండగ. దాని పేరు రసోస్, అంటే మంచుబొట్ల పండగ. ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. గుమ్మాలకి పచ్చని కొమ్మలు కడతారు. ఆడపిల్లలు పూలదండలు కట్టి, మధ్యలో దీపం పెట్టి ఏట్లో వదులుతారు. కొండల మీద మంటలు వేస్తారు. పడుచువాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ మంట మీంచి దూకుతారు. ఇంట్లో పాత నిప్పు ఆర్పేసి, పండగ నిప్పు తెచ్చుకుని కొత్తగా పొయ్యి వెలిగిస్తారు. తెల్లవారగానే అందరూ బయళ్ళలోకి పరిగెత్తి, గడ్డి మీది మంచుబొట్లతో మొహం కడుక్కుంటారు. ఆ మంచు పడితేనే ఆవుకి పాలు, చేనుకి గింజ, మనిషికి ఆరోగ్యం. ఆ రోజు మంచు పడకపోతే ఏడాదంతా పడదు.

ఒక ఏడు పండగ తెల్లవారింది. జనం బయళ్ళలోకి పరిగెత్తారు. గడ్డి పొడిగా ఉంది. వంగి చూశారు. ఆకు కింద చూశారు. పువ్వు లోపల చూశారు. ఒక్క బొట్టు లేదు. ఎవరో బట్ట పెట్టి తుడిచేసినట్టుంది.

ఆ ఏడు ఆవులు వట్టిపోయాయి. అవిసె చేలు నిలువునా ఎండాయి. పసిపిల్లలు పాలకి ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు.

రాజు మూలికల అవ్వని పిలిపించాడు. ఆవిడ అడవిలో ఆకులూ వేళ్ళూ ఏరుకునే ముసలమ్మ. "అవ్వా, మంచుని ఎవరు దొంగిలించారు?" అని అడిగాడు.

"నాకు తెలియదు బాబూ. మనుషులెవరికీ తెలియదు," అంది అవ్వ. "జంతువులకి తెలుసు. కానీ వాటి మాట మనకి అర్థం కావాలంటే ఫెర్న్ పువ్వు కావాలి. చెట్లనీడన పెరిగే ఆ ఫెర్న్ మొక్కకి పువ్వుండదని అందరూ అంటారు. ఉంటుంది. పండగ అర్ధరాత్రి ఒక్క క్షణం పూస్తుంది. అది తేవాలంటే అడవిలోకి ఒక్కడే వెళ్ళాలి. కర్రతో చుట్టూ గిరి గీసుకోవాలి. ముందు తెల్లబట్ట పరుచుకుని, మైనపు వత్తి వెలిగించుకుని కూర్చోవాలి. వెనకనుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడకూడదు. పువ్వు తనంతట తనే బట్ట మీద రాలుతుంది."

"ఇంతేనా!" అన్నాడు పెద్దవాడు వైదస్.

మరుసటి ఏడు పండగ రాత్రి వైదస్ వెళ్ళాడు. గిరి గీశాడు, బట్ట పరిచాడు, వత్తి వెలిగించాడు. అర్ధరాత్రి వెనకనుంచి ఒక గొంతు, "పిరికివాడా! ధైర్యముంటే ఇటు తిరుగు!" అంది. వైదస్‌కి పౌరుషం ముంచుకొచ్చింది. కత్తి దూసి గిరుక్కున తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే తెల్లబెరడు చెట్టయి నిలబడిపోయాడు.

ఆ పై ఏడు కెస్తస్ వెళ్ళాడు. గిరి గీశాడు, బట్ట పరిచాడు, వత్తి వెలిగించాడు. వెనకనుంచి ఒక తియ్యటి గొంతు, "ఎంత అందగాడివి! ఒక్కసారి మొహం చూపించవా?" అంది. కెస్తస్ చిరునవ్వుతో తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే రెండో తెల్లబెరడు చెట్టయ్యాడు.

మూడో ఏడు లినస్ తండ్రి దగ్గరికి వచ్చాడు. "నాన్నగారూ, నేను వెళ్తాను."

"వద్దు నాయనా," అన్నాడు రాజు. "ఇద్దర్ని పోగొట్టుకున్నాను. నువ్వు కూడా పోతే నేను ఎవర్ని చూసుకుని బతకను?"

"నేను ఇక్కడే ఉంటే అన్నయ్యలు రారు కదా నాన్నగారూ. పాలు కూడా రావు."

రాజు కళ్ళు తుడుచుకుని తల ఊపాడు.

లినస్ అడవిలోకి వెళ్ళాడు. గిరి గీశాడు, బట్ట పరిచాడు, వత్తి వెలిగించాడు. అర్ధరాత్రయింది. వెనక ఆకులు గలగలమన్నాయి. ఒక గొంతు మెల్లగా, "లినూ, నాయనా" అని పిలిచింది.

అది వాళ్ళమ్మ గొంతు. తనని లినూ అని ఆమె తప్ప ఇంకెవరూ పిలవలేదు.

"ఎంత పెద్దవాడివయ్యావురా! నిన్ను చూడాలని ఇంతదూరం వచ్చాను. చలేస్తోందిరా కన్నా. ఒక్కసారి ఇటు తిరుగు."

లినస్ కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. మెడ తిరగబోయింది. రెండు చేతులతో గడ్డి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా," అన్నాడు తిరక్కుండానే, "నువ్వు మా అమ్మవే అయితే నా వీపు చూసినా నన్ను గుర్తుపడతావు. నేను తిరగలేదని నీకు కోపం రాదు. కాకపోతే నిన్ను చూసి నాకేం లాభం?"

వెనక గొంతు ఆగిపోయింది. ముందున్న ఫెర్న్ మొక్కలో చిన్న నిప్పురవ్వలాంటిది మెరిసింది. అది మొగ్గయింది, మొగ్గ విచ్చుకుంది, పువ్వు టప్‌మని బట్ట మీద రాలింది. లినస్ దాన్ని గుప్పిట్లోకి తీసుకోగానే అరచేతిలో కరిగి ఒంట్లోకి ఇంకిపోయింది.

వెంటనే అడవంతా మాటలే మాటలు. కప్పలు పోట్లాడుకుంటున్నాయి. గుడ్లగూబ పిల్లల్ని జోకొడుతోంది.

లినస్ ఇంటికి పరిగెత్తాడు. ఆ తెల్లవారి కూడా గడ్డి పొడిగానే ఉంది. గడప దగ్గర గడ్డిపాము తల ఎత్తింది. మనవాళ్ళు నాగులచవితికి పుట్టలో పాలు పోస్తారే, అలాగే ఆ దేశంవాళ్ళు గడప కింద ఉండే గడ్డిపాముకి గిన్నెలో పాలు పెడతారు. దానికి విషం ఉండదు. చెవుల దగ్గర రెండు పసుపు మచ్చలుంటాయి. పాలు కరువైనాక అందరూ పాముని మరిచిపోయారు. లినస్ ఒక్కడే తన వంతు గుక్కెడు పాలల్లో సగం దానికి పోసేవాడు.

"రాకుమారా," అంది పాము, "దొంగ ఎవరో నాకు తెలుసు. తమ్సూనుడని ఒక మాంత్రికుడు. ఏడు సముద్రాలకి అవతల దీవిలో ఉంటాడు. పండగ తెల్లవారుజామున వాడి మంత్రపు దుప్పటి గాలిలో ఎగిరి వచ్చి, దేశమంతా పాకి, మంచునంతా పీల్చుకుపోతుంది. అడవిలో నిన్ను పిలిచింది కూడా వాడే. మీ అన్నల్ని చెట్లు చేసిందీ వాడే. ఫెర్న్ పువ్వు దొరికినవాడు తన దగ్గరికి వస్తాడని వాడి భయం."

"మంచుతో వాడికేం పని?"

"అది నాకు తెలియదు. చాలా దేశాలు తిరిగినవాణ్ణి అడుగు. కొంగని అడుగు."

కొట్టం కప్పు మీద కొంగ గూడుంది. ఒకసారి గాలివానకి ఆ గూడు కిందపడితే లినస్ పాత బండిచక్రం ఒకటి పైకెక్కించి, దాని మీద మళ్ళీ కట్టిపెట్టాడు. లినస్ పిలవగానే కొంగ దిగి వచ్చింది.

"తమ్సూనుడికి చావంటే భయం," అంది కొంగ. "మూడువందల ఏళ్ళ కిందట ఒక పండగ రోజు, ఊరంతా పాత నిప్పు ఆర్పి కొత్తది తెచ్చుకుంటుంటే, వాడు మాత్రం తన నిప్పు ఆర్పలేదు. అందులో తన ప్రాణం దాచుకున్నాడు. అప్పట్నుంచి ఆ నిప్పు ఆరలేదు, వాడు చావలేదు. ఏడు సముద్రాల నీళ్ళు పోసినా అది ఆరదు. పండగ నిప్పుకి పండగ మంచే విరుగుడు. ఇన్నేళ్ళూ ఆ పూట తలుపులు బిగించుకుని వణుకుతూ కూర్చునేవాడు. ఇప్పుడు గొప్ప నేతగత్తె ఎవరో దొరికింది. బొట్టు కూడా జారని దుప్పటి నేయించుకున్నాడు."

"నన్ను అక్కడికి తీసుకెళ్తావా?"

"నేను ఎగురుతాను. నువ్వు పడవలో నా వెనక రా."

లినస్ తండ్రి కాళ్ళకి దణ్ణం పెట్టి, అమ్మ నేసిన అవిసెనార బట్టతో కుట్టిన చొక్కా తొడుక్కుని, నల్లరొట్టె మూటకట్టుకుని పడవెక్కాడు. మొదటి సముద్రం పచ్చగా ఉంది. రెండో సముద్రం నల్లగా ఉంది. మూడోది మంచుగడ్డలతో పటపటమంది. నాలుగోదాంట్లో అలలు కొండల్లా లేచాయి. ఐదోదాంట్లో అలే లేదు. ఆరోది దాటేసరికి రొట్టె అయిపోయింది. ఏడో సముద్రంలో, ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో ఏమో, ఒక తేనెటీగ నీళ్ళలో పడి గిలగిల కొట్టుకుంటోంది. లినస్ అరచేత్తో దాన్ని తీసి, చొక్కా లోపల పెట్టుకుని ఊపిరితో వెచ్చచేశాడు.

"అన్నా, బతికించావు," అంది తేనెటీగ. "మా పట్టు ఆ దీవిలోనే ఉంది. నీకు అవసరమైనప్పుడు పిలువు. మేం పదివేలమందిమి."

ఇలా వెళ్ళి వెళ్ళి, ఆ పై ఏడు పండగకి సరిగ్గా మూడు రోజులుందనగా లినస్ దీవి చేరాడు.

దీవి మధ్యలో నల్లరాతి ఇల్లు. ఇంటిముందు సముద్రం దాకా పచ్చికబయలు. లోపల పెద్ద పొయ్యి, పొయ్యిలో మనిషెత్తు మంట. మంట పక్కన బొంతలు కప్పుకుని తమ్సూనుడు. గడ్డం మోకాళ్ళ దాకా ఉంది. చేతులు మంటకి చాపి కూర్చున్నా వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. గది మూలన మగ్గం ముందు ఒక అమ్మాయి తలొంచుకుని కూర్చుంది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు మాంత్రికుడు. అడవిలో వాడు లినస్ వీపే చూశాడు, మొహం ఎరగడు.

"పని వెతుక్కుంటూ వచ్చానయ్యా. పడవ దారితప్పింది."

"నా నిప్పుకి కట్టెలు తేవడానికి మనిషి కావాలి. మూడు రోజులు మూడు పనులు చెబుతాను. చేస్తే ఉండు. చెయ్యకపోతే నువ్వే కట్టెవి." అని మంటకి ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. "ఇవాళ చలి ఎక్కువగా లేదూ?"

బయట ఎండ చిటపటలాడుతోంది. లినస్‌కి ఎందుకో జాలేసింది. "కొంచెం ఉందయ్యా," అన్నాడు.

మొదటి రోజు పని, బురదమడుగు నడుమ ఉన్న ఎండుమాను తేవడం. ఆ మడుగులో కాలు పెట్టినవాడు మళ్ళీ పైకి రాడు. లినస్ ఒడ్డున నిలబడితే గడ్డిలోంచి పసుపు మచ్చల పాము ఒకటి తొంగిచూసింది. "మీ గడప కింద ఉండేది మా అక్క. నీ పాల సంగతి మాకందరికీ తెలుసు. నేను పాకిన చోటే అడుగెయ్యి," అంది. అది పాకిన చోటే అడుగేస్తూ లినస్ మాను తెచ్చేశాడు.

రెండో రోజు పని, పొద్దు గుంకేలోగా పన్నెండు రకాల మూలికలు తేవడం. మాంత్రికుడికి మంటలో మూలికల వాసన కావాలి. దీవి అంతా ముళ్ళే, మూలికలు ఎక్కడని? కొంగ పైకెగిరి చూసి, "అదిగో రాళ్ళ సందున, అదిగో వాగు పక్కన" అని చెబుతూ ఉంటే లినస్ పన్నెండూ కోసుకొచ్చాడు.

ఆ సాయంత్రం మాంత్రికుడు కునికిపాట్లు పడుతుంటే లినస్ మగ్గం దగ్గరికి వెళ్ళాడు.

"నీ పేరేమిటి?" అని మెల్లగా అడిగాడు.

"రూతా. మాది ఏటిగట్టు పల్లె. ఐదేళ్ళయింది. పండగ రోజు ఏట్లో నా పూలదండ వదులుతున్నాను. నీళ్ళలోంచి చెయ్యి వచ్చి నన్ను లాగేసింది." ఆమె చేతులు నేస్తూనే ఉన్నాయి. వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. "దుప్పట్లో ఒక్క పోగు తప్పినా మా పల్లెని తగలబెడతానన్నాడు. అక్కడ మా అమ్మ ఉంది. నేను నేసిన బట్టతోనే మా అమ్మ చేను ఎండుతోందని నాకు తెలుసు. అయినా నేస్తున్నాను. నన్ను తిట్టుకో."

"ఎందుకు తిడతాను? భయపెట్టినవాడిది తప్పు, భయపడ్డవాళ్ళది కాదు," అన్నాడు లినస్. తను ఎవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు.

రూతా చాలాసేపు ఆలోచించింది. "పోగు తప్పిస్తే వాడు కనిపెడతాడు. ప్రతి ఏడూ దుప్పటిని మంట ముందు పట్టి చూస్తాడు. కానీ మైనం పూసిన దారం నీళ్ళు తాగదు. ఎక్కడైనా చేతివెడల్పు మేర మైనం రాస్తే, అక్కడ మంచు దుప్పటికి అంటదు. గడ్డి మీదే ఉండిపోతుంది. ఇంత మైనం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

లినస్ నవ్వాడు. "నాకు పదివేలమంది చెల్లెళ్ళున్నారు."

మూడో రోజు పని, దుప్పటిని పచ్చికలో పరిచి, మడత లేకుండా సాగదీయడం. ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస గాలికి లేస్తుంది. తేనెటీగలు పదివేలూ వచ్చాయి. కొన్ని కొసలు పట్టుకున్నాయి. మిగతావి ఈ చివర్నుంచి ఆ చివరదాకా, చేతివెడల్పు మేర, కంటికి ఆననంత పలచగా మైనం పులిమాయి.

సాయంత్రం మాంత్రికుడు దుప్పటిని మంటకి ఎదురుగా పట్టి చూశాడు. వేళ్ళతో తడిమాడు.

"ఇక్కడ కొంచెం నున్నగా ఉందేం?" అన్నాడు.

"ఏటేటా చెయ్యి తిరుగుతోందయ్యా," అంది రూతా. "పోగులు లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టాడు. పోగులన్నీ ఉన్నాయి. మంత్రం చదివి కిటికీలోంచి దుప్పటిని వదిలాడు. అది రెక్కలు కొట్టుకుంటూ సముద్రాల మీదుగా వెళ్ళిపోయింది.

పండగ రాత్రి రెప్పపాటులో గడిచింది. తూర్పు తెల్లబడుతుండగా దుప్పటి బరువుగా తిరిగి వచ్చింది. చిట్టచివర ఇంటిముందు పచ్చికని కూడా తుడిచి, ఉప్పునీళ్ళలో పిండుకోవడానికి సముద్రం వైపు పాకింది. అది వెళ్ళిన దారిలో, గుమ్మం నుంచి ఒడ్డు దాకా, చేతివెడల్పున ఒక గీత మిలమిలా మెరిసింది. మంచు!

లినస్ చొక్కా విప్పి ఆ గీత మీద ఈ కొస నుంచి ఆ కొసకి లాగాడు. చొక్కా తడిసి ముద్దయింది. రూతా మోకాళ్ళ మీద కూలబడింది. ఐదేళ్ళుగా ఆమె మొహం మంచు ఎరగదు. దోసిళ్ళతో మొహం కడుక్కుంది. జడని గడ్డిలో వేసి తడుపుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

లినస్ తడిచొక్కా తొడుక్కుని లోపలికి వెళ్ళాడు.

"చొక్కా తడిసిందేం?" అన్నాడు మాంత్రికుడు అనుమానంగా.

"తెల్లవారకముందే కట్టెలు మోశాను కదయ్యా, చెమట. ఇవాళ మా దేశంలో పండగ. మంట మీంచి దూకుతాం. ఇక్కడ మీ మంట తప్ప వేరే మంట లేదు. దూకమంటారా?"

మాంత్రికుడు కిచకిచ నవ్వాడు. "మనిషెత్తు మంటరా అది! దూకు, దూకు. కాలితే ఇంకో కట్టె."

లినస్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఒక్క దూకు దూకాడు. చొక్కా అంచునుంచి బొట్లు రాలాయి. సుయ్‌మంది. మంట నడుమెత్తుకి దిగింది.

"గాలేమో," అని గొణిగాడు మాంత్రికుడు, బొంత దగ్గరగా లాక్కుంటూ.

లినస్ రెండోసారి దూకాడు. సుయ్‌మంది. మంట మోకాలెత్తుకి దిగింది. మాంత్రికుడి గడ్డం వణికింది. అప్పుడు వాడికి తెలిసింది.

"మంచు!" అని కేకపెట్టి లేచాడు. చేతికందిన కట్టెలన్నీ మంటలో పడేశాడు. మంట మళ్ళీ బుస్సున లేచింది. లినస్ చొక్కా చూసుకున్నాడు. వేడికి పెళపెళా ఎండిపోయింది. ఒక్క బొట్టు లేదు. మాంత్రికుడు చెయ్యెత్తి మంత్రం మొదలుపెట్టాడు. లినస్ పాదాలు బరువెక్కాయి. వేళ్ళ మీద తెల్లబెరడు పాకడం మొదలైంది.

"లినస్!" అని రూతా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "మా పల్లెలో ఒంటరిగా దూకరు. ఇద్దరు కలిసి దూకుతారు. రా!"

ఇద్దరూ కలిసి పరిగెత్తారు. ఇద్దరూ కలిసి దూకారు. రూతా తడిజడ గాలిలో గుండ్రంగా తిరిగి, మంట నడినెత్తిన మంచుబొట్లు వానలా కురిపించింది.

సుయ్య్‌మంది. మూడువందల ఏళ్ళ నిప్పు ఆరిపోయింది.

లినస్ వేళ్ళ మీది బెరడు పొడిలా రాలిపోయింది. బూడిద పక్కన మాంత్రికుడు లేడు. చిన్న పిల్లాడంత అయిపోయిన ఒక పండు ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"చలేస్తోంది," అన్నాడాయన. "ఇంక ఎంతసేపో ఉండను. నన్ను కొడతారా?"

లినస్ తల అడ్డంగా ఊపాడు. రూతా కాసేపు ఆయన్నే చూసింది. పోయిన ఐదేళ్ళూ ఆమె కళ్ళల్లో కదిలాయి. తర్వాత బొంత తీసి ఆయన భుజాల చుట్టూ కప్పింది. "తాతా, బయటికి రా. ఎండ వస్తుంది," అంది.

ఇద్దరూ ఆయన్ని చెరోవైపు పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టారు. సముద్రం అంచున సూర్యుడు లేచాడు. పండగనాడు సూర్యుడు ఊరికే లేవడు పిల్లలూ, నాట్యం చేస్తాడు. అటు ఒరిగి, ఇటు ఒరిగి, రంగులు చిమ్ముతూ ఎగిరెగిరి లేచాడు. ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు.

"ప్రతి ఏడూ ఇలాగే ఉంటుందా?"

"ప్రతి ఏడూ," అన్నాడు లినస్.

"మూడువందలసార్లు పోగొట్టుకున్నానన్నమాట," అన్నాడాయన. కాసేపటికి, "ఇప్పుడు చలి లేదు," అన్నాడు. అలా చూస్తూ చూస్తూనే కన్నుమూశాడు. లినస్, రూతా ఆయన్ని పచ్చికలో పూడ్చి, పైన పూలు పెట్టారు.

సముద్రం ఒడ్డున దుప్పటి చచ్చిన చేపలా పడి ఉంది. రూతా దాని అంచున ఒక పోగు తెంపి లాగింది. బట్ట మొత్తం సర్రున విడిపోయింది. అందులోని మంచు మొత్తం తెల్లటి పొగలా లేచి, మబ్బుగా మారి, ఏడు సముద్రాల మీదుగా ఇంటిదారి పట్టింది. ఆ మబ్బు వెనక కొంగ, కొంగ వెనక పడవ, పడవలో ఇద్దరు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి చేలు నడుమెత్తు పెరిగాయి. ఆ పండగ తెల్లవారి దేశానికి అడ్డంగా చేతివెడల్పున మంచుగీత కనిపించిందనీ, దాన్ని నాకిన ఆవు ఆ పూటే కడవెడు పాలిచ్చిందనీ, ఆ సాయంత్రమే మబ్బొచ్చి కురిసిందనీ జనం ఆపకుండా చెప్పారు. రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకి అటూ ఇటూ వైదస్, కెస్తస్. నిప్పు ఆరిన క్షణానే ఇద్దరూ మళ్ళీ మనుషులై, తలలో ఆకులు దులుపుకుంటూ ఇంటికి నడిచొచ్చారట.

రూతా వాళ్ళమ్మ పల్లెనుంచి పరిగెత్తుకొచ్చింది. కూతురి పగిలిన వేళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుంది. ఆ వేళ్ళకి తేనె రాసి, మానేదాకా ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. మానాక పెళ్ళి. వారం రోజులు పెళ్ళి. కొండల మీద మంటలు, బల్లల మీద కొత్త రొట్టెలు, జున్ను, తేనెపానకం.

విందులో రాజు లేచి, "నేను ముసలివాణ్ణయ్యాను. వైదస్, నువ్వు పెద్దవాడివి, సింహాసనం ఎక్కు," అన్నాడు.

వైదస్ రెండు చేతులూ ఊపాడు. "నాన్నగారూ, మూడేళ్ళు ఒకే చోట కదలకుండా నిలబడ్డాను. ఇంక ఒకే చోట కదలకుండా కూర్చోవడం నా వల్ల కాదు. నేను గుర్రమెక్కి దేశాలు తిరుగుతాను."

"నేను కూడా!" అన్నాడు కెస్తస్. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

అలా లినస్ రాజయ్యాడు, రూతా రాణి అయింది. వాళ్ళ ఏలుబడిలో ఏ పసిపాపా పాలకి ఏడవలేదు. ఏ ఆడపిల్లా భయపడుతూ మగ్గం ముందు కూర్చోలేదు. వాళ్ళకి కొడుకులు, కూతుళ్ళు పుట్టారు. మనవలు, మునిమనవలు పుట్టారు. నెత్తిన జుట్టు అవిసెనారలా తెల్లబడేదాకా ఇద్దరూ కలిసి ఏలారు.

వాళ్ళు అక్కడ చల్లగా ఏలారు, మేం ఇక్కడ చల్లగా చెప్పాం, మీరు చల్లగా నిద్రపొండి.